పది చింతగింజలు, ఒక పాత కంప్రెసర్

నందిగామ డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెప్పడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. చివరి సంవత్సరం పిల్లలకు ఏటా డెసిషన్ ట్రీ పాఠం వస్తుంది. బోర్డు మీద ఎడమ పక్కన ఒక చతురస్రం గీసి, దాన్నుంచి రెండు మూడు కొమ్మలు లాగి, ఒక్కో కొమ్మ చివర ఒక సున్నా చుట్టి, అక్కడి నుంచి మళ్లీ కొమ్మలు లాగుతాను. చతురస్రం ఉన్నచోట ఏం చేయాలో మనం ఎంచుకుంటాం. సున్నా ఉన్నచోట ఏం జరుగుతుందన్నది మన చేతిలో ఉండదు. ఏది ఎంతవరకు జరగవచ్చో అంచనా వేసుకోవడమే. పుస్తకంలో ఉదాహరణ ఒక ఫ్యాక్టరీది. పాత యంత్రాన్నే నడపాలా, కొత్తది కొనాలా అన్నది ప్రశ్న. యంత్రం పాడయ్యే అవకాశం ఎంతో పుస్తకంలోనే అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె ఎవరు చెప్పారు, ఎట్లా తెలిసింది అని పిల్లలు అడగలేదు. నేనూ ఆలోచించలేదు. ఏటా ఆ ఫ్యాక్టరీకి ఒక కొత్త యంత్రం కొనిపెట్టి, డస్టర్‌తో బోర్డు తుడిచి, తర్వాతి పాఠానికి వెళ్లిపోయేదాన్ని.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఆ ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది.

జగ్గయ్యపేటకు ఇవతల, హైవే నుంచి కొంచెం లోపలికి, మాకొక కోల్డ్ స్టోరేజీ ఉంది. మా నాన్న, జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం చేసే ఆయన స్నేహితుడు కలిసి కట్టించారు. నాన్న పోయాక మా అన్నయ్య చూసుకుంటున్నాడు. ఆ స్నేహితుణ్ణి మేం చిన్నప్పటి నుంచీ బాబాయ్ గారనే పిలుస్తాం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుమిర్చి బస్తాలు తెచ్చి పెడతారు. ధర వచ్చినప్పుడు తీసుకెళ్తారు. చలి తగ్గకుండా ఉంటే మిర్చి రంగు నిలుస్తుంది, పురుగు పట్టదు. ఆ చలి మొత్తం ఒక్క యంత్రం మీద ఆధారపడి ఉంటుంది. అది అమ్మోనియా గ్యాసును పైపుల్లో తిప్పి చలి పుట్టించే కంప్రెసర్. నాన్న తెచ్చి బిగించినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను.

ఆ ఏప్రిల్‌లో, బస్తాలు దించే రోజుల్లోనే, మధ్యాహ్నం పూట కంప్రెసర్ ఆగిపోయింది. మళ్లీ నడవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. వచ్చిన సరుకును లోపల పెట్టడానికి లేదు, వెనక్కి పంపడానికీ లేదు. గేటు బయట ట్రాక్టర్లు, వ్యాన్లు ఎండలో నిలబడిపోయాయి. చెవిటికల్లు నుంచి వచ్చిన రైతులు ట్రాలీల కింద నీడలో పడుకున్నారు. ఎవరూ గొడవ పెట్టుకోలేదు. దాంతో అన్నయ్యకు మరీ తల కొట్టేసినట్టయింది. వాళ్లలో ఒకాయన వెళ్లేటప్పుడు మాత్రం, వచ్చే ఏడాది నందిగామ వైపు చూసుకుంటామని నెమ్మదిగా చెప్పి వెళ్లాడట.

ఆ తర్వాత ఎవరికి వాళ్లు తమ మాటే ఖాయమన్నట్టు మాట్లాడారు. కంప్రెసర్లు అమ్మే కంపెనీ మనిషి వచ్చి చూసి, దీని ఆయుష్షు అయిపోయిందని, మొత్తం మార్చేయాల్సిందేనని చెప్పాడు. బాబాయ్ గారు ఒప్పుకోలేదు. ఆ కాలపు ఇనుము ఈ కాలంలో దొరకదని, ఒక్కసారి ఆగిందని యంత్రాన్నే పారేస్తామా అని ఆయన వాదన. అన్నయ్య ఈ ఇద్దరి మధ్యా నలిగిపోతూ, విప్పి బాగుచేయించి ఇంకో రెండేళ్లు లాగుదామనేవాడు. పొద్దున ఒక మాట, సాయంత్రానికి ఇంకో మాట. దసరా సెలవులకు నేను వెళ్లినప్పుడు వాడు అన్నం ముందు కూర్చుని, కలుపుకోకుండా కంచం వంక చూస్తున్నాడు.

"నువ్వు కాలేజీలో ఏదో చెట్టు చెప్తావు కదమ్మా, పాత మెషిన్ కొత్త మెషిన్ అని. అదేదో మన దానికి ఒకసారి వెయ్యి," అన్నాడు.

వాడు తమాషాకి అన్నాడో నిజంగానే అన్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వపడ్డాను కూడా. ఇన్నేళ్లూ పుస్తకంలో ఉన్న ఫ్యాక్టరీకి ఇప్పుడు గేటు, గోడలు, నాకు తెలిసిన మనుషులు వచ్చారు. ఆ సాయంత్రమే పెద్ద చార్టు కాగితం పరిచి గీశాను. మూడు కొమ్మలు. ఉన్నది ఉన్నట్టే నడపడం, విప్పి బాగుచేయించడం, కొత్తది కొనడం. ప్రతి కొమ్మకూ సీజన్లో ఆగకుండా నడిస్తే ఒక చివర, ఒక పూట ఆగితే ఒకటి, రోజుల తరబడి ఆగితే ఒకటి. ఏ చివర ఎంత నష్టమో అన్నయ్యను అడిగి రాసుకున్నాను. మిర్చి రంగు పోవడం, రైతులు వేరే చోటికి వెళ్లిపోవడం, అన్నీ పెట్టాను. చూడటానికి బోర్డు మీది బొమ్మకన్నా బాగుంది. ఇక ఏ కొమ్మ ఎంతవరకు జరుగుతుందన్న అంకెలు మాత్రమే లేవు. ఈసారి వాటిని అచ్చువేసి ఇచ్చే పుస్తకం లేదు.

అవి తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

కంప్రెసర్ పెట్టిన రోజు నుంచీ దాన్ని నడుపుతున్నది మిస్త్రీ గారే. ఆయనది జగ్గయ్యపేటే. అరవై దాటాయి. వాళ్ల నాన్న లారీ తోలేవాడు, అన్నదమ్ములు ముక్త్యాల సిమెంటు లారీల మీదే బతికారు. ఈయనొక్కడే చిన్నప్పుడు ఐసు ఫ్యాక్టరీలో చేరి యంత్రాల వైపు వచ్చాడు. కంప్రెసర్ ఉండే ఇంజను గది గోడకు ఒక పెద్ద రిజిస్టరు వేలాడుతుంది. గంటగంటకూ ప్రెషర్ ఎంత, గదుల్లో చలి ఎంత అని అందులో ఆయన చేతిరాత గుండ్రంగా, తప్పు లేకుండా ఉంటుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ రిజిస్టర్లు అన్నీ ముందు వేసుకుని, ఏ ఏడాది ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టాను. ఆగిన రోజులు ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి. మొదటి పదేళ్లలో ఎరుపు దాదాపు లేదు. ఈ మధ్య ఏళ్లలో పేజీ తిప్పితే కనిపిస్తోంది.

కానీ జరిగింది రాసి పెట్టుకోవడం వేరు, జరగబోయేది చెప్పడం వేరు. వచ్చే సీజన్లో ఇది ఆగే అవకాశం వందకు ఎంతంటారని నేను ఆయన్ని అడిగాను. మిస్త్రీ గారికి ఆ ప్రశ్న నచ్చలేదు. నూనె అంటిన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపారు.

"రేపేమవుద్దో నేనెట్టా చెప్తానండి అమ్మాయిగారూ. అది పైవాడి పని. నాకు తెలిసినంతా ఆ బుక్కులో రాసా, చూసుకోండి," అన్నారు.

ఇంకోలా అడిగి చూశాను. అప్పుడూ అదే జవాబు. మధ్యాహ్నం దాకా అట్లాగే గడిచింది. ఆయన మొండితనం చేస్తున్నారని నేను విసుక్కున్నాను కానీ, ఇప్పుడు ఆలోచిస్తే నేను అడిగిన తీరే తప్పు. వందకు ఇంత అన్నది నా భాష. ఆయన రోజూ చూసేది యంత్రాన్ని, సీజన్లను.

క్లాసులో పిల్లలకు సంభావ్యత చెప్పడానికి నా బ్యాగులో ఒక చిన్న డబ్బా నిండా చింతగింజలు పెట్టుకుంటాను. టీ వచ్చాక అందులోంచి పది గింజలు తీసి, ఆఫీసు బల్ల మీద ఆయన ముందు పోశాను.

"రేపటి సంగతి అడగట్లేదండి. ఇట్టాంటి సీజన్లు పది వచ్చాయనుకోండి. పదిసార్లూ మెషిన్ ఇప్పుడు ఉన్నట్టే ఉంది, మనం దాన్ని ముట్టుకోలేదు. ఈ పదిట్లో ఎన్ని సీజన్లు మనల్ని ఇబ్బంది పెట్టకుండా నడుస్తది?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. గింజల వంక చూశారు, తర్వాత తలుపు లోంచి కనిపిస్తున్న కంప్రెసర్ వంక చూశారు. ఒక వేలితో నాలుగు గింజలు కుడి పక్కకు జరిపారు. ఇవి ఆగకుండా నడిచేవన్నారు. మూడు మధ్యలో పెట్టారు. ఇవి ఒక పూట ఆగేవి, నేను చూసుకోగలను అన్నారు. రెండు ఎడమకు జరిపారు. ఇవి మొన్న ఏప్రిల్లో అయినట్టు. ఆయన చెయ్యి అంత ధైర్యంగా కదలడం చూసి నేను గబగబా కాగితం మీద రాసుకుంటున్నాను. చివరి గింజ మిగిలింది. దాన్ని చాలాసేపు రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నారు. చివరికి ఏ కుప్పలోనూ కలపకుండా, బల్ల అంచున దూరంగా పెట్టారు.

"అది దేనిదండీ?"

"ఇది ఆగడం కాదమ్మా," అన్నారు మిస్త్రీ గారు. "ఇది గ్యాసు."

నా చార్టులో ఆ కొమ్మ లేదు.

అప్పుడు ఆయన చెప్పారు. అమ్మోనియా వాసన ఈ మధ్య ఎక్కువవుతోంది. లీకు ఎక్కడుందో వెతకడానికి గంధకం పుల్ల వెలిగించి పైపుల వెంట తిప్పుతారు. గ్యాసు తగిలిన చోట తెల్లటి పొగ వస్తుంది. ఆయన వారానికొకసారి తిప్పుతూనే ఉన్నారు. పొగ వస్తోంది, పోతోంది, చోటు దొరకడం లేదు. కంప్రెసర్ ఇరుసు దగ్గర గ్యాసు బయటికి రాకుండా బిగించే సీలు అరిగిపోయిందని ఆయన అనుమానం. సన్నగా వస్తే కళ్లు మండుతాయి, అంతే. ఒక్కసారిగా తెగితే మాత్రం గదిలో ఉన్నవాళ్లకు తలుపు దాకా వెళ్లే వ్యవధి ఉండదు. ఐసు ఫ్యాక్టరీలో చేసే రోజుల్లో ఒకసారి అట్లాగే జరిగింది. ఆయన అప్పుడే బయటికి వెళ్లి నీళ్లు తాగుతున్నారు. లోపల ఉన్న తోటి పనివాడికి ప్రాణం దక్కింది కానీ చూపు పోయింది. "వాడిది నా వయసేనమ్మా," అన్నారు. ఆ కథలో ఆ ఒక్క ముక్కే రెండుసార్లు చెప్పారు.

అప్పుడు గమనించాను. ఆయన కుర్చీ ఇంజను గదిలో లేదు, గుమ్మం బయట ఉంది. చిన్నప్పటి నుంచీ అది లోపల, కంప్రెసర్ పక్కనే ఉండేది. ఎప్పుడు బయటికి వచ్చిందో మాలో ఎవరూ పట్టించుకోలేదు. బస్తాలు మోసే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాలు తినడానికి ఇంజను గది గోడ నీడకు చేరేవాళ్లట. వాళ్లనూ ఏదో వంక చెప్పి అవతలి షెడ్డుకు మార్చేశారు.

ఇంత తెలిసి మాకెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో కోపం ఉండే ఉంటుంది. ఆయన తల వంచుకున్నారు. మూడేళ్ల కిందట ఒకసారి చెప్పారట. వయసు మీద పడుతుంటే అన్నీ వాసనలేనని బాబాయ్ గారు నవ్వేశారట. ఆ తర్వాత మళ్లీ నోరు తెరవకపోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని కూడా ఆయన దాచలేదు.

"కొత్తది తెస్తే బటన్లు నొక్కేవాణ్ణి పెట్టుకుంటారు గదా. ఈ వయసులో నేను ఎక్కడికెళ్లేది? దీన్ని నేను కనిపెట్టుకుని ఉంటే సరిపోద్దిలే అనుకున్నా. తప్పేనమ్మా."

మిర్చి రంగు పోతే ఎంత నష్టమో రూపాయలతో సహా రాసుకున్న చార్టు నా ఒళ్లో ఉంది. ఆ గదిలో రోజంతా ఉండే మనిషి అందులో ఎక్కడా లేడు. సాయంత్రం అన్నయ్య ఇంటికి తిరిగి వస్తూ దాన్ని విప్పి చూడటానికి కూడా మనసు రాలేదు.

ఇంటికి వెళ్లగానే అన్నయ్యకు చెప్పాను. వాడు అప్పటికప్పుడు లేచి మిస్త్రీ గారి దగ్గరికి వెళ్లాడు. ఏ మెషిన్ వచ్చినా దాని దగ్గర ఉండేది మీరేనని చెప్పాడు. ఆయన ఉద్యోగం గురించి ఆ రోజు నుంచీ మా మధ్య ఇంకో మాట రాలేదు.

ఆ ఆదివారం బాబాయ్ గారిని పిలిచి, ముగ్గురం చార్టు చుట్టూ కూర్చున్నాం. కొత్త కొమ్మ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీశాను. బాబాయ్ గారు కళ్లజోడు పెట్టుకుని ప్రతి కొమ్మనూ వేలితో తడుముతూ చదివారు. వ్యాపారం తెలిసిన మనిషి కదా, రెండు నిమిషాల్లో పట్టేశారు. ఎర్ర కొమ్మ చివర ఖాళీగా ఉండటం చూసి, ఇక్కడ ఎంత నష్టమని రాయాలమ్మా అని అడిగారు. పుస్తకం ప్రకారం అక్కడ కూడా ఒక అంకె ఉండాలి. నాకు చెయ్యి రాలేదని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసేశారు. మిస్త్రీ గారి మాటను తాను నవ్వేసిన సంగతి ఆయనకు గుర్తొచ్చిందని ఆ మొహం చూస్తే తెలిసింది.

అంతమాత్రాన ఆయన వాదన వదిలిపెట్టలేదు. వదలకపోవడమే మంచిదయింది. కొత్త మెషిన్లో మాత్రం అమ్మోనియా ఉండదా, ఈ ఎర్ర కొమ్మ అన్నిటికీ ఉంటుంది కదా అన్నారు. నిజమే. కొత్తదానిలో ఆ గింజ పదిలో ఒకటి కాదు, ఎన్నో వేలల్లో ఒకటి కావచ్చు, కానీ అసలు ఉండదని చెప్పలేం. మన పాతదానిలోనైనా అది పదిలో ఒకటేనా? మిస్త్రీ గారి భయం దాన్ని పెద్దది చేసిందా? సీలు మారిస్తే ఎంత తగ్గుతుంది? మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. తెలియనిదాని మీద అంత డబ్బు పెట్టబోతున్నాం.

అప్పుడు నాకు పాఠంలో చివరి పేజీ గుర్తొచ్చింది. నిర్ణయం తీసుకునే ముందు ఇంకాస్త తెలుసుకోవడం కూడా ఒక కొమ్మే. దానికీ ఖర్చవుతుంది. కానీ ఆ తెలుసుకున్నది మన నిర్ణయాన్ని మార్చగలిగితే ఆ ఖర్చు దండగ కాదు. పరీక్షలో ప్రశ్న రాదని ఆ పేజీని ఏటా వదిలేసేదాన్ని. ఇప్పుడు దానికి ఒక పూర్తి క్లాసు కేటాయిస్తున్నాను. ఆ రోజు మాత్రం చార్టుకు ఎడమ పక్కన ఇంకో కాగితం అంటించి, అన్నిటికన్నా ముందు ఒక చతురస్రం గీశాను. ముందు పరీక్ష చేయించడం, తర్వాత నిర్ణయించడం. బాబాయ్ గారు దీనికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. సరుకు చూడకుండా ధర చెప్పనని ఆయన జీవితమంతా అంటూనే ఉన్నారు.

విజయవాడ నుంచి ఇద్దరు పరీక్షకులు వచ్చారు. కంప్రెసర్లు అమ్మే పని వాళ్లకు లేదని అన్నయ్య ముందే కనుక్కున్నాడు. పైపు విప్పకుండానే లోహం మందం కొలిచే పరికరం వాళ్ల దగ్గర ఉంది. రెండు రోజులు పట్టింది. నేను రెండో రోజు సెలవు పెట్టి వెళ్లాను. కంప్రెసర్ ఒళ్లంతా చూశారు. ఇరుసులో పగులు లేదు. బాబాయ్ గారు చెప్పినట్టే గట్టి ఇనుము. సీలు అరిగింది కానీ, మిస్త్రీ గారు భయపడినంతగా కాదు. ఆయన నమ్మలేనట్టు రెండోసారి కొలవమన్నారు. మళ్లీ అదే వచ్చింది.

సాయంత్రం గదుల నుంచి చల్లటి గ్యాసు తిరిగొచ్చే పెద్ద పైపు దగ్గరికి వెళ్లారు. చలి పోకుండా దానికి థర్మోకోల్ చుట్టి, పైన రేకు తొడిగి ఉంటుంది. బిగించినప్పటి నుంచీ ఆ రేకు విప్పలేదు. మూల తిరిగే చోట విప్పితే థర్మోకోల్ తడిసిన అట్టలా చేతికి వచ్చేసింది. కింద పైపు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచింది. పరికరం పెట్టిన మనిషి అంకె చూసి, పైకి చదవకుండా అన్నయ్య వైపు తిప్పి చూపించాడు.

మిస్త్రీ గారు దగ్గరికి వచ్చి ఆ మూలను చూస్తూ నిలబడ్డారు. "నేను సీలనుకున్నా," అన్నారు. ఇంకోసారి కూడా అదే అన్నారు. వాసన నిజమే, భయం నిజమే. చోటు మాత్రం అది కాదు.

ఆ ఒక్క పరీక్షతో చార్టు మొత్తం మారిపోయింది. మేం కంపెనీ మనిషి మాట విని అప్పు చేసి కొత్త కంప్రెసర్ తెచ్చి ఉంటే, దాన్ని ఈ కుళ్లిన పైపులకే బిగించేవాళ్లం. ఉన్నదాన్నే నడిపి ఉంటే ఏమయ్యేదో అనుకోవడం కూడా ఇష్టం లేదు. మళ్లీ కూర్చుని గీస్తే, మొదట ఎవరమూ అనుకోని దారి బాగుందని తేలింది. ముందు గ్యాసు ఖాళీ చేయించి పైపులు, వాల్వులు అన్నీ కొత్తవి వేయించాలి. కంప్రెసర్‌ను విప్పి బాగుచేయించి, సీలు మార్చి, ఒక సీజన్ నడపాలి. ఎక్కువగా పాడయ్యే భాగాలు ఒక సెట్టు తెచ్చి దగ్గర పెట్టుకోవాలి. కొత్త కంప్రెసర్ ఆ మరుసటి ఏడాది తేవాలి. అది వచ్చాక కూడా పాతదాన్ని అమ్మకుండా అత్యవసరానికి ఉంచుకోవాలి.

కుళ్లిన మూల దగ్గరి పైపు ముక్కను వెంటనే మార్పించాం. మిగతా పైపుల పని గదులు ఖాళీ అయిన జనవరిలో జరిగింది. ఇంజను గదికి రెండో పక్క కూడా తలుపు పెట్టించారు. గ్యాసు వస్తే మోగే అలారం, మొహానికి తొడుక్కునే మాస్కులు వచ్చాయి. మాస్కు వేసుకోవడం బస్తాలు మోసే ఆడవాళ్లకు కూడా నేర్పాలని మిస్త్రీ గారు పట్టుబట్టారు. వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకుంటూనే నేర్చుకున్నారు.

ఏప్రిల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం క్లాసులో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. కంప్రెసర్ ఆగిందట.

బస్సెక్కి కూర్చున్నాను కానీ నా మనసు మనసులో లేదు. పాతదాన్ని ఇంకో సీజన్ నడపమని చెప్పింది నేను. కాగితం మీద ఒక పూట ఆగే కొమ్మ గీసినప్పుడు అది ఒక గీత మాత్రమే. ఇప్పుడు ఆ కొమ్మ మీద ట్రాక్టర్లు, ఎండలో బస్తాలు, పోయినేడాది వెళ్లిపోతానని చెప్పి, అన్నయ్య బతిమాలితే మళ్లీ వచ్చిన చెవిటికల్లు రైతు ఉన్నారు. హైవే మీద దిగి గేటు దాకా ఆ ఎండలో దాదాపు పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి మిస్త్రీ గారు కంప్రెసర్ పైభాగం విప్పేసి ఉన్నారు. లోపల ఒక వాల్వు పలక విరిగింది. ముందే తెచ్చిపెట్టిన సెట్టులో అది ఉంది. ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు, ఎక్కడి నుంచీ తెప్పించక్కర్లేదు. చీకటి పడకముందే యంత్రం మళ్లీ నడిచింది. గదుల్లో చలి కొంచెం తగ్గి మళ్లీ సర్దుకుంది. ట్రాక్టర్లు ఆ సాయంత్రమే సరుకు దించాయి.

బాబాయ్ గారు అప్పటిదాకా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్నారు. యంత్రం నడిచాక నన్ను దగ్గరికి పిలిచారు.

"నీ చెట్టు లెక్కన ఇది ఆగకూడదు కదమ్మా?"

"ఆగదని నేను చెప్పలేదు బాబాయ్ గారూ. ఆగితే ఏం చెయ్యాలో ముందే అనుకున్నాం, అంతే."

ఆయన తన గోడౌను కప్పు రేకులు పాతబడ్డాయని, మార్చాలా వద్దా తేలడం లేదని, వీలైనప్పుడు ఆ పెద్ద కాగితం పట్టుకుని ఒకసారి రమ్మని అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చిందేమో, చెప్పలేను. ఫోన్ వచ్చినప్పటి నుంచీ బిగబట్టుకుని ఉన్నాను కదా.

ఈ జనవరిలో కొత్త కంప్రెసర్ వచ్చింది. పాతదాన్ని పక్కకు జరిపి, నూనె పోసి ఉంచారు. కొత్తదానికి నిలువెత్తు ప్యానెల్, దాని మీద అంకెలు మెరిసే తెర ఉన్నాయి. బిగించడానికి వచ్చిన ఫిట్టరు మూడు రోజులుండి, చూపించాల్సింది చూపించి, లావుపాటి పుస్తకం ఒకటి ఇచ్చి వెళ్లిపోయాడు. పుస్తకం అంతా ఇంగ్లీషే. మిస్త్రీ గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఇందులో ఏముందో నాకు తెలుగులో చెప్తారా అమ్మాయిగారూ? కాస్త ఓపిగ్గా చెప్పాలి."

అప్పటి నుంచి ఆదివారం పొద్దున పూటలు మా ఇద్దరికీ ఆ పుస్తకంతోనే గడుస్తున్నాయి. నేను చదివి తెలుగులో చెప్తాను, ఆయన ఒక నోటు పుస్తకంలో రాసుకుంటారు. నేను చెప్పిన మాటలు సగం ఆయనకు నచ్చవు. ఒకచోట పీడనం అని నేనంటే, ఎవరికి అర్థమవుద్దమ్మా, ప్రెషర్ అనండి అన్నారు. ఇంకోచోట నేను ఒక వాల్వు పని పూర్తిగా తప్పుగా చెప్పాను. ఆయన కలం ఆపి, అది అట్టా అయితే గ్యాసు వెనక్కి తన్నుద్ది కదా, ఇంకోసారి చదవండి అన్నారు. చదివితే ఆయన చెప్పిందే సరి. కిందటి వారం ప్యానెల్ మీద ఏదో హెచ్చరిక వెలిగితే, ఫిట్టరుకు ఫోన్ చేయకుండా తన నోటు పుస్తకం తిరగేసి ఆయనే సరిచేశారు. అన్నయ్య ఆ సంగతి నాకు ఫోన్లో చెబుతుంటే, వెనక నుంచి మిస్త్రీ గారి గొంతు వినిపించింది. ఈ ఆదివారం కొంచెం ముందుగా రమ్మని, కరెంటు భాగం గురించిన పేజీలు మొదలుపెడదామని చెప్పమంటున్నారు.